గుట్ట నడుము దారి

సైకిళ్ళు అమ్ముకునే ఇంటికి కోడలుగా వచ్చాక రక్షిత సైకిలు తొక్కడం మానేసింది. మానేయమని ఎవరూ గట్టిగా అనలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక రోజు అంగట్లో ఉన్న సైకిలొకటి తీసుకుని కూరగాయలకు పోయివస్తే, అత్త వాసవాంబ వాకిట్లోనే నిలబడి, "బియస్సీ చదివిన పిల్లవు, నీకు చెప్పాల్నా? మనం అమ్మేటోళ్ళం అమ్మాయ్, తొక్కేటోళ్ళం గాదు" అంది. నవ్వుతూనే అంది. రక్షిత ఆ సైకిలు మళ్ళీ అంగట్లో పెట్టేసింది. గోస్పాడు నుంచి నంద్యాల కాలేజీకి మూడేళ్ళు ఎండనకా వాననకా తొక్కిన కాళ్ళు, తర్వాత మేడ మెట్లకూ వంటింటికీ అంగడి వెనక గోడౌనుకూ అలవాటు పడిపోయాయి.

నంద్యాల బజారులోని ఆ అంగడి మామ భాస్కరయ్యది. ఒకప్పుడు పాలవాళ్ళు, రైతులు, బడిపిల్లలు వరసలో నిలబడి కొనుక్కుపోయిన అంగడి. ఇంటింటికీ మోటారు బండ్లు వచ్చాక ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చింది. రక్షిత భర్త మనోజ్ గేర్ల సైకిళ్ళు తెప్పించి, అద్దాల తలుపు పెట్టించి, లోపల లైట్లు వేయించాడు. అయినా వచ్చినవాళ్ళు చూసేవాళ్ళు, బెల్లు మోగించేవాళ్ళు, "ఇంత సైకిలు కొని యాడ తొక్కాలప్పా ఈ ఊర్లో?" అని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ ప్రశ్నే మనోజ్ బుర్రలో పడింది. బెంగుళూరు పక్కన గుట్టల మీద సైకిలు దారులు వేశారని, అక్కడికి కార్ల వెనక సైకిళ్ళు కట్టుకుని మరీ వస్తారని ఎవరో చెబితే పోయి చూసి వచ్చాడు. హైదరాబాదులో ఉన్న స్నేహితుణ్ణి భాగస్థుడిగా కలుపుకుని, ఆళ్లగడ్డ దాటాక నల్లమల వైపు ఒంటరిగా నిలబడి ఉండే ఒక పట్టా గుట్టను లీజుకు తీసుకున్నాడు.

"రెండు ట్రెయిల్సు నాయనా," అని ఒక రోజు భోజనాల దగ్గర తండ్రికి వివరించాడు. "బ్లూ అంటే మలుపులు, ఎగుడు దిగుడులు. కొంచెం వచ్చినోళ్ళకు. బ్లాక్ అంటే నిలువు దిగుడు, బండల మీంచి దూకుడు. అది బాగా ఆరితేరినోళ్ళకు."

చారు వడ్డిస్తున్న రక్షిత, "మరి ఏమీ రానివాళ్ళకు?" అంది.

"రానోళ్ళు యాడికొస్తారు? రారు."

"రానివాళ్ళే కదండీ ఊరినిండా ఉండేది. బ్లాక్ తొక్కేవాళ్ళు సైకిలు వెంట తెచ్చుకుంటారు. మన అంగట్లో కొనాల్సింది రానివాళ్ళేగా?"

భాస్కరయ్య కంచంలోంచి తలెత్తాడు. కోడలి మాట ఆయనకు అంత నచ్చడం అదే మొదలు. "ఆ పిల్ల చెప్పేది యాపారం రా," అన్నాడు. "మూడోది గూడా వెయ్యి."

అలా ఏమీ రానివాళ్ళ కోసం మూడో దారి, గ్రీన్ పుట్టింది. మనోజ్ చెయ్యి కడుక్కుంటూ, "సరే, గ్రీన్ నీదే. ఆదివారాలు నువ్వే చూసుకో పో," అన్నాడు. అతను సగం ఎగతాళికే అన్నాడని ఆమెకు తెలుసు. అయినా మొత్తం నిజమే అన్నట్టుగా తీసుకుంది.

చలికాలమంతా వారానికి రెండుసార్లు మనోజ్ కార్లో గుట్టకు పోయింది. గుట్ట కింద ఒక చిన్న పల్లె, కొట్టాలు అంటారు. అక్కడి వెంకటమ్మ ఆ గుట్ట మీదే మేకలు మేపేది. మేకలు గుట్ట నడుము చుట్టూ ఒకే ఎత్తులో తిరిగి తిరిగి సన్నటి బాట పడింది. దాన్ని వెడల్పు చేస్తే గ్రీన్ అయిపోతుందని రక్షితకు చూసిన రోజే అనిపించింది. ప్రతి మలుపులోనూ నీళ్ళ బాటిలు నేల మీద అడ్డంగా పెట్టేది. దొర్లితే అక్కడ మట్టి పోసి చదును చేయమనేది. దొర్లకపోతే ముందుకు నడిచేది. కూలీలు నవ్వుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. తొలిసారి సైకిలెక్కిన మనిషికి ఎక్కడ గుండె జారుతుందో ఆమెకు తెలుసు.

"ఏంది శెట్టెమ్మా, నీళ్ళు గూడా తాగవు, బాటిలును పండుకోబెడ్తావు, లేపుతావు. దానికి జ్వరమా?" అనేది వెంకటమ్మ.

"నీ మేకలకు అడ్డం రాములే వెంకటమ్మా. ఆదివారం పొద్దున ఒక్కపూటే."

"అడ్డమేముంది. తిరగనీ. గుట్టేమన్నా అరుగుతాదా?"

నడుము దారి సగం తిరిగాక ఒక చోట బ్లాక్ దారి పైనుంచి వచ్చి దాన్ని తాకి, కుడివైపు బండల్లోకి నిట్టనిలువుగా దిగిపోతుంది. గ్రీన్ ఎడమకు తిరిగి గుట్టను చుట్టుకుంటుంది. అక్కడ రెండు దారులకూ రెండు గుర్తులుండాలి. రేకు బోర్డులు పెడితే గాలికి ఎగిరిపోతాయని, ఆళ్లగడ్డలో రాతివిగ్రహాలు చెక్కే సంజీవయ్య దగ్గర మోకాలెత్తు రాళ్ళు చేయించాలనుకున్నారు. రక్షిత ఆయన దగ్గర కూర్చుని, గ్రీన్ రాయి తల గుండ్రంగా, బ్లూది చదరంగా, బ్లాక్‌ది మొనదేలినట్టు చెక్కమంది. రంగు పోయినా ఆకారం చూసి తెలుసుకుంటారని ఆమె ఉద్దేశం.

"చేస్తానమ్మా. పదైదు దినాలన్నా పట్టదా?" అన్నాడు సంజీవయ్య.

"పదైదు దినాలా? శుక్రవారం ఓపెనింగు పెట్టుకుంటిమి," అన్నాడు మనోజ్. "పెద్దోళ్ళను పిలిచేసినాం. అన్నీ ఒకే తీరుగా కొట్టియ్యి, రంగులు మేం పూసుకుంటాం."

"రంగు ఎండకు ఎన్నాళ్ళుంటుందండీ?"

"పోతే మళ్ళీ పూస్తాం రక్షితా. పచ్చకూ నలుపుకూ తేడా తెలీని గుడ్డోళ్ళు సైకిలెక్కుతారా?"

ఓపెనింగు బాగా జరిగింది. షామియానా, ఫొటోలు, కాలేజీ పిల్లల కేరింతలు. పెద్దలు రిబ్బను కత్తిరించి వెళ్ళాక, వాసవాంబ పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, దారులు చీలే చోట పాతిన రెండు రాళ్ళ దగ్గరికి నడిచింది. కొత్తగా రాయి పాతి పసుపు కుంకుమ పెట్టకుండా వదిలేయడం ఆమెకు చేతగాని పని. రెండిటికీ నిండా పసుపు పూసి, బొట్లు పెట్టి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించింది. ఆకుపచ్చ, నలుపు రంగులు పసుపు కింద దాక్కున్నాయి. కెమెరా అబ్బాయి ఆమెను మళ్ళీ ఒకసారి హారతి తిప్పమని ఫొటో తీసుకున్నాడు. కొట్టాల ఆడవాళ్ళు దూరంగా నిలబడి చూశారు.

"ఏ దేవరమ్మా ఇది?" అని వెంకటమ్మ రక్షిత చెవిలో అడిగింది.

"దేవర కాదు వెంకటమ్మా. దారి చూపించే రాయి."

"దారి చూపించేది దేవర గాక ఇంగెవురు?"

రక్షితకు నవ్వొచ్చింది. ఆ పూట ఆమెకు అన్నిటికీ నవ్వొస్తూనే ఉంది.

ఆదివారాలు మొదలయ్యాయి. మొదట ముగ్గురు, తర్వాత ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నంద్యాల నుంచి బస్సులో ఆళ్లగడ్డకూ, అక్కడి నుంచి ఆటోలో గుట్టకూ వచ్చి, అక్కడుంచిన అంగడి సైకిళ్ళ మీద తొక్కడం నేర్చుకునేవాళ్ళు. అంగన్‌వాడీ టీచరు రామసుబ్బమ్మకు యాభై దగ్గర పడ్డాయి. మొదటి రోజు ఆమె చీర చైనులో చిక్కుకుని పడి, "ఓయమ్మ, సైకిలు గాదిది, నా సవితి!" అని అరిచింది. రెండో వారం చుడీదారులో వచ్చింది. నడుము దారి మొత్తం ఒక చుట్టు తొక్కిన రోజు దిగి, సైకిలు హ్యాండిలును ముద్దు పెట్టుకుంది. అందరికంటే బాగా తొక్కేది ముబశ్శిరా. అంగడి అరుగు మీద పరుపులు కుట్టే సైదా సాహెబ్ కూతురు. డిగ్రీ అయిపోవస్తోంది. కానిస్టేబుల్ సెలెక్షన్లలో పరుగు పరీక్షకు కాళ్ళు గట్టిపడాలని వచ్చేది. రక్షిత ముందు, మిగతా అందరూ వెనక. గాలి మొహానికి తగులుతుంటే, కింద చెరువు కట్టా పొద్దుతిరుగుడు చేలూ తిరుగుతుంటే, తాను ఎవరి కోడలో ఆమె ఆ గంటసేపు మర్చిపోయేది.

వచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరుగా సైకిళ్ళు కొన్నారు. భాస్కరయ్య కోడలికి గ్లాసు నిండా కాఫీ పంపడం మొదలుపెట్టాడు. వాసవాంబ ఏమీ అనలేదు. ఆదివారం వంట మాత్రం పొద్దున్నే అయిపోవాలంది. అయిపోయేది.

రాళ్ళ సంగతే రక్షిత మనసులో ముల్లులా ఉండేది. కొట్టాల ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం రెండు రాళ్ళకూ పసుపు పూస్తున్నారు. శెట్టెమ్మ పెద్దామె పట్టుచీర కట్టుకుని పూజ చేసిన రాయిని వట్టిగా వదలడం ఎట్లా? ఒకామెకు మొక్కు ఫలించిందట. దాంతో పక్క పల్లె నుంచి కూడా రావడం మొదలైంది. బ్లాక్ తొక్కేవాళ్ళకు ఆ రాళ్ళతో పని లేదు. వాళ్ళు ఫోన్లో మ్యాపు చూసుకుని పోతారు. రాయి చూసి తిరగాల్సింది గ్రీన్ వాళ్ళే.

"ఆకారాలు చెక్కించండి. రంగు నిలవడం లేదు," అని రక్షిత మనోజ్‌కు చెప్పింది.

"వచ్చే వారం పెయింటరొస్తాండాడు."

పెయింటరు రాలేదు. ఆమె మళ్ళీ చెప్పింది. "నువ్వొక్క దాన్ని పట్టుకుంటే వదలవు గదా" అన్నాడు. అప్పటి నుంచి ఆమే ప్రతి ఆదివారం ఒక తడిగుడ్డ తీసుకుపోయి, అందరికంటే ముందు రెండు రాళ్ళూ తుడిచి వచ్చేది.

ఆ ఆదివారం తుడవలేదు. ఆమె వెళ్ళేసరికి వెంకటమ్మ అక్కడే ఉంది. మేక ఒకటి కవలల్ని ఈనిందని, తెల్లారి లేచి తలస్నానం చేసి, రెండు రాళ్ళకూ పచ్చటి పసుపు దట్టంగా పూసి, మధ్యలో ప్రమిద వెలిగించి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. రక్షిత చేతిలో గుడ్డ ఉంది. వెలుగుతున్న దీపం ముందు, ఆ మనిషి కళ్ళ ముందు ఆ గుడ్డ పెట్టడానికి చెయ్యి రాలేదు. వెనక్కి వెళ్ళి అందరినీ నిలబెట్టి, "పసుపు రాళ్ళు రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. అక్కడ ఎడమకు తిరగండి. కుడికి మాత్రం పోవద్దు," అని చెప్పింది. అందరిచేతా ఒకసారి తిరిగి చెప్పించింది కూడా.

ముబశ్శిరా అప్పటికి రాలేదు. బస్సు ఆలస్యమైంది. ఆ పిల్ల ఆటో దిగేసరికి అందరూ బయలుదేరిపోయారు. వాళ్ళను అందుకోవాలని గట్టిగా తొక్కుకుంటూ వచ్చింది. పక్కపక్కన రెండు పసుపు రాళ్ళు, రెండిటికీ ఒకే బొట్టు, రెండూ ఒకే తీరు. ఎప్పుడూ రక్షిత వెనకే తిరిగింది గానీ ఏ వైపో గుర్తు పెట్టుకోలేదు. కుడి దారి కిందికి దిగుతోంది. దిగుడైతే తొందరగా కలుస్తాననుకుంది.

ముందున్న రక్షితకు కేక వినిపించలేదు. రాళ్ళు దొర్లిన చప్పుడు వినిపించింది. తర్వాత వెంకటమ్మ అరుపు.

ముబశ్శిరా కుడి మోకాలి చిప్ప పగిలింది.

ఆ సాయంత్రం భాస్కరయ్య ఇంట్లో అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. హైదరాబాదు భాగస్థుడు ఫోన్లో స్పీకర్లో ఉన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే: తప్పు మనదని ఎవరైనా అంటున్నారా? ఇంకా ఎవరూ అనలేదని మనోజ్ చెప్పాడు. అనకముందే చూసుకోమని ఆయన ఫోను పెట్టేశాడు.

"ఇంట్లో ఉండేటోళ్ళం నలుగురం. నాలుగు మాటలు వద్దు," అన్నాడు భాస్కరయ్య. "ఆ మేకల ముసిల్ది పూసింది పసుపు. రంగు కనపడకుండా చేసింది ఆమె. మనకేం తెలుసు? అంతే గదా జరిగింది?"

"అంతే గదా," అంది వాసవాంబ.

రక్షిత అత్త మొహంలోకి చూసింది. వాసవాంబ ఒత్తులు చేస్తోంది. వేళ్ళు ఎక్కడా ఆగలేదు.

"మొదట పూసింది మీరు కదా అత్తమ్మా."

"నేను పూజ చేసినా. ఆమె అలికింది. పూజకూ అలుకుడుకూ తేడా లేదా?"

"ఆకారాలు చెక్కించి ఉంటే ఎవరు పూసినా..."

"చెక్కించలేదు!" మనోజ్ గొంతు లేచింది. "చెక్కించలేదు, ఇప్పుడేం చెయ్యమంటావు? అంగడి మూసుకుని పోదామా?" తర్వాత దగ్గరకు వచ్చి, గొంతు దించి, "సైదా సాహెబ్‌కు నువ్వంటే గురి. నువ్వు చెప్తే నమ్ముతాడు. ఆసుపత్రికి పోయి ఆ ముసిలామె సంగతి ఒక్కమాట చెప్పు. నీ గ్రీన్ నీకు ఉంటాది. గేటు దగ్గర నీ పేరుతో బోర్డు రాపిస్తా. చెప్పకపోతే, ఆదివారాలు ఉండవు. భాగస్థుడు ఒప్పుకోడు" అన్నాడు.

బేరం అంత నేరుగా పెట్టినందుకు ఆమెకు ఒకరకంగా మేలే అయింది. దేనికి దేన్ని ఇచ్చుకోవాలో వెతుక్కునే పని లేకుండా పోయింది.

మరుసటి రోజు పొద్దున ఆసుపత్రికి పోయింది. ముబశ్శిరా మత్తులో ఉంది. కాలికి తొడ దాకా కట్టు. తల్లి ఇమాంబీ మంచం పక్కన కూర్చుని కూతురి వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతోంది. రక్షితను చూసి లేవలేదు. సైదా సాహెబ్ వరండాలోకి తీసుకెళ్ళాడు. చొక్కా మీద ఇంకా దూది పోగులు అంటుకునే ఉన్నాయి.

"డాక్టరు నడుస్తాది అంటాండాడమ్మా," అన్నాడు. "పరిగెత్తుతాదా అంటే, ముందు నడవనీ అంటాడు."

రక్షిత తలుపులోంచి ఆ తెల్లటి కట్టు వైపు చూసింది.

"ఆ పసుపు ఎవురు పూసినారమ్మా? మనోజన్న ఫోన్లో ఎవురో మేకలామె అన్నాడు."

ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి ఆమె ఆ ఒక్క వాక్యాన్నే లోపల అటూ ఇటూ తిప్పుకుంటూ వచ్చింది. వెంకటమ్మ పూసింది. అందులో అబద్ధం లేదు. ఆ రోజు పూసింది వెంకటమ్మే. అంతటితో ఆపేస్తే ఆదివారాలుంటాయి.

"మొదట పూసింది మా అత్తమ్మ," అంది. "ఓపెనింగు రోజు. అది చూసే వాళ్ళు పూశారు. రాళ్ళు వేరే వేరే ఆకారాల్లో చెక్కించమంటే ఈయన తొందరపడి ఒప్పుకోలేదు. నేను ప్రతివారం తుడిచేదాన్ని, నిన్న తుడవలేదు. మీ అమ్మాయి వచ్చిందాకా ఆగనూ లేదు. మేకలామె తప్పు ఏమీ లేదన్నా."

సైదా సాహెబ్ వరండా కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు. కింద ఆటోలవాళ్ళు టీ తాగుతున్నారు.

"ఈ మాట స్టేషన్లో చెప్తావా?"

"చెప్తాను."

"చెప్పొద్దులేమ్మా." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని రక్షితకు అనిపించింది. "నేను కూచోనుండేది మీ మామ అరుగు మీద. ఆ అరుగు లేకుంటే నా మిషను యాడ పెట్టుకునేది? ఆసుపత్రి దుడ్లు మీ మామ కడతానన్నాడు. నువ్వు చెప్పినదానికి సంతోషమే. నేనేం చేసుకోనమ్మా నీ మాటను?"

లోపలి నుంచి ఇమాంబీ గొంతు వచ్చింది. "ఆమెను పొమ్మను. పిల్ల లేస్తాది."

రక్షిత ఇల్లు చేరకముందే మాట ఇల్లు చేరింది. సైదా సాహెబే ఫోను చేశాడు. దాచిపెట్టి తర్వాత తెలిస్తే అరుగు పోతుందని భయపడి ఉంటాడు. రక్షిత ఆయన్ను తప్పుపట్టలేకపోయింది. భాస్కరయ్య అరవలేదు. "చదువుకున్నోళ్ళు," అన్నాడు అంతే. కాఫీ గ్లాసు రావడం ఆ రోజుతో ఆగింది. వాసవాంబ మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాలుగో రోజు, "నేను పూజ చేసేది ఇంట్లో వాళ్ళు చల్లగుండాలని. నన్ను ఆసుపత్రికి ఈడ్చినావు" అంది.

పది రోజులు గుట్ట మూశారు. పదకొండో రోజు తెరిచారు. తెరిచింది బ్లూ, బ్లాక్. గ్రీన్ మూతపడింది. ప్రమాదం జరిగింది బ్లాక్ దారిలో. కానీ ఊళ్ళో అందరూ అనుకున్నది ఆడవాళ్ళ క్లాసులో జరిగిందని. అందుకే ఆడవాళ్ళ క్లాసు తీసేస్తే ప్రమాదం తీసేసినట్టే అయింది. బ్లాక్‌కు పేరు కూడా వచ్చిందని మనోజ్ ఎవరితోనో ఫోన్లో అంటుంటే ఆమె విన్నది. మోకాళ్ళు పగిలే దారి అని బెంగుళూరు కుర్రాళ్ళు ముందుగానే బుక్ చేసుకుంటున్నారట.

వెంకటమ్మకు నేరుగా చెప్పాలని ఒక రోజు పుట్టింటి పేరు చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కింది. గుట్ట చుట్టూ ముళ్ళకంచె వేశారు. కొట్టాల వైపు దారి ఉన్న చోట ఇనుప గేటు, దానికి తాళం. వెంకటమ్మ కంచె అవతల రోడ్డు పక్కన తుమ్మచెట్ల కింద మేకలు మేపుతోంది. పైన నడుము దారిలో ఒక మనిషి రాళ్ళకు నలుపు పూస్తున్నాడు. ఇంకో ఇద్దరు దారిని అడ్డంగా తవ్వి, సైకిళ్ళు దూకడానికి మట్టి దిమ్మలు పోస్తున్నారు. గ్రీన్‌ను రెండో బ్లాక్ చేస్తున్నారని చూడగానే తెలిసింది. రాళ్ళు మార్చే పని కూడా లేకపోయింది వాళ్ళకు.

"నా పేరు చెప్పినారంట గదా మీ ఇంట్లో," అంది వెంకటమ్మ.

"నేను చెప్పలేదు వెంకటమ్మా. నీ తప్పు లేదనే చెప్పా."

"ఎవురికి?"

"ఆ పిల్ల నాయనకు."

"ఆయప్ప ఈ కంచె తీపిస్తాడా?"

రక్షిత తాళం వేసిన గేటు వైపు చూసింది.

"ఆ పిల్లను బండల్లోంచి నా కొంగులో ఎత్తుకొచ్చింది నేనే. నాకు తెలీదా ఎంత దెబ్బనో?" వెంకటమ్మ కర్రతో ఒక మేకను రోడ్డు మీంచి వెనక్కి అదిలించింది. "నువ్వు మంచిదానివే శెట్టెమ్మా. కానీ మీరు రాకముందు మాకు ఈ గుట్ట ఉండె. పో, బస్సు పోతాది."

ఆ తర్వాతి ఆదివారం వంట ఎప్పటిలాగే పొద్దున్నే అయిపోయింది. అలవాటు కొద్దీ అయిపోయింది. చేయడానికి ఏమీ లేక రక్షిత అంగట్లోకి వచ్చి, అద్దాలు తుడుస్తూ నిలబడింది. బయట అరుగు మీద సైదా సాహెబ్ మిషను చప్పుడు ఆగకుండా వస్తోంది. ఆమె వచ్చిందని ఆయన చూసే ఉంటాడు. తల ఎత్తలేదు.

రామసుబ్బమ్మ సైకిలు నడిపించుకుంటూ వచ్చి అంగడి ముందు ఆపింది. కౌంటరు దగ్గరున్న మనోజ్ ఆమెను చూడగానే, "అమ్మిన సరుకు వాపసు తీసుకోమక్కా," అన్నాడు.

"వాపసియ్యడానికి ఎవురొచ్చినారప్పా? ఎనకచక్రంలో గాలి లేదు. కొట్టు, పోతా."

"యాడికి పోతావు? మీకు గుట్ట బందు గదా."

"గుట్ట నీది. రోడ్డు నీదా?" అంది రామసుబ్బమ్మ. "గోస్పాడు దావలో పొద్దున్నే లారీలు తక్కువ. మేం నలుగురం పోతాండాం నిన్నట్నుంచి." రక్షిత వైపు తిరిగి, "నువ్వూ రా అక్కా. నువ్వు ముందుంటే మాకు భయముండదు," అంది. వయసులో తాను పెద్దదైనా నేర్పిందని రక్షితను అక్కా అనేది.

మనోజ్ ఫోను చూసుకుంటున్నాడు. లోపలి గుమ్మంలో వాసవాంబ నిలబడి ఉంది. ఎవరూ వద్దనలేదు. అందరూ విన్నారు, అంతే.

రక్షిత పంపు తీసుకుని బయటికి వచ్చింది. మెట్ల కింద కూర్చుని, వాల్వు మూత తీసి, గాలి కొట్టింది. టైరును బొటనవేలితో నొక్కి చూసి, ఇంకాస్త కొట్టింది. ముందు చక్రంలోనూ తక్కువగా ఉంటే దానికీ కొట్టింది. బ్రేకు తీగ వదులైతే బిగించింది.

"మలుపులో ముందు బ్రేకు ఒక్కటే పట్టొద్దు," అంది. "రెండూ కలిపి మెల్లగా పట్టు."

"రావా అయితే?"

"పో, ఎండ పడుతుంది."

రామసుబ్బమ్మ ఒక క్షణం చూసి, సైకిలెక్కింది. ఆటోల మధ్య కాస్త ఊగి, తర్వాత నిలదొక్కుకుని, బజారు చివర మలుపు దగ్గరికి చేరింది. అక్కడ ముందు బ్రేకు ఒక్కటే పట్టింది. వెనక చక్రం కొంచెం లేచింది. కేకేసి చెప్పాలని రక్షితకు నోటిదాకా వచ్చింది. అంత దూరం వినపడదు.

"పంపు లోపల పెట్టు," అన్నాడు మనోజ్. "నాయన కాఫీ అడుగుతాండాడు."

ఆమె పంపు ఎత్తి లోపల పెట్టి, చేతికంటిన గ్రీజు కొళాయి కింద రుద్ది రుద్ది కడుక్కుని, పాలు పొయ్యి మీద పెట్టింది.